వతన్ అని రాసిన

జూన్ 9, సోమవారం

ఇయ్యాల బడి తెరిచిండ్రు. నేను మహామంత్రినై బడిల అడుగువెట్టుడు ఇదే మొదలు. ఏప్రిల్‌ల బాల సంసద్, అంటే బడి పిల్లల పార్లమెంటు, ఓట్లు పెట్టినప్పుడు లత మీద నాలుగు ఓట్లతోటి గెలిచిన. నాలుగైతేంది నలభై అయితేంది, గెలుపు గెలుపే. సూరత్ లింబాయత్ గల్లీలకెల్లి బ్యాడ్జీ పెట్టుకొని నడుస్తుంటే షేర్ ఆటోల కూసున్నోళ్లు గూడ చూసిండ్రనిపించింది. చూడకపోతే పోనీ.

లత రాలేదు. మొదటి రోజు ఎవరొస్తరు, సగం మంది ఇంక ఊర్లల్లనే ఉన్నరు, పెండ్లిళ్లు ఒడువలేదు. మా పదో తరగతిల ముప్పై ఒక్కరుంటే పద్నాలుగు మందిమే వచ్చినం.

ప్రార్థన అయినంక పెద్దసార్ రామలింగేశ్వరరావు గారు చెప్పిండు, ఇరవయ్యారున ప్రవేశోత్సవమని. ఒకటో తరగతిల చేరే చిన్న పిల్లలకు గేటు కాడ బొట్టు పెట్టి, పువ్వు చేతికిచ్చి లోపటికి తోలుకొచ్చుడు ఉంటది గదా, గదే. పెద్ద మెహమాన్‌లు వస్తరు. కొత్త సంవత్సరానికి బడి తరఫున స్వాగతం చెప్పేది మా బాల సంసదే. నేను గల్ల ఎగరేసుకొని నిలవడ్డ. సార్ ఏమన్నడు? “స్వాగతం లత చెబుతుంది. ఆ పిల్ల గొంతు మైకు లేకపోయినా చివరి వరుసకు వినపడుతుంది. అమ్మా కోమలీ, నువ్వు గేటు దగ్గర పళ్లెం పట్టుకో.”

సార్‌ది గోదావరి దిక్కు. ఇరవై ఏండ్ల నుంచి సూరత్‌ల ఉన్నా ఆ మెత్తటి మాట మారలేదు. మెత్తగ చెప్పినా పళ్లెం పళ్లెమే. లత ప్రార్థన మంత్రి, నేను మహామంత్రిని. పళ్లెం పట్టుకోవటానికి మహామంత్రి ఎందుకు? ఓట్లు ఎందుకు పెట్టినట్టు మరి?

జూన్ 11, బుధవారం

సార్ మంత్రులందరికి గల్లీలు పంచిండు. బడికి రాని పిల్లల పేర్లు రాసి తలా ఒక కాయిదం ఇచ్చిండు. ఇంటింటికి పోయి అడిగి టిక్కు పెట్టాలె. మూడు గడులున్నయి. మొదటిది వస్తరు. రెండోది చదువు బంద్. మూడోది వతన్, అంటే సొంతూరికి పోయిండ్రు, ఇగ రారు అని.

రెండో గడిల టిక్కు పడితే సార్ సొంతంగ ఇంటికి పోయి కూసుంటడు. చాయ్ తాగుకుంట, నవ్వుకుంట, తల్లిదండ్రులు ఒప్పుకునేదాంక లేవడు. నిరుడు ఇద్దరు పిల్లల్ని గట్లనే మళ్ల పట్టుకొచ్చిండు. మూడో గడిల పడితే ఏ లొల్లి లేదు. క్లర్కు మహేశ్ భాయ్ కంప్యూటర్ల పేరు తీసేస్తడు, అంతే. సూరత్‌ల మనోళ్లు ఎవరన్న కనవడకపోతే వతన్ పోయిండ్రంటరు. ఇగ దాని మీద ఎవరూ రెండో మాట అడుగరు.

నా కాయిదంల తొమ్మిది పేర్లున్నయి. ఏడోది లత.

జూన్ 12, గురువారం

లతోళ్ల ఇంటికి పోయిన. మీది అంతస్తుల ఒక్కటే అర్ర, ఆ అర్రల సగం దాంక చీరెలు. సలాబత్‌పురా దుకాణాల నుంచి మాల్ తెచ్చుకొని చీరెలకు రాళ్లు అంటిస్తున్నరు, లత, వాళ్లమ్మ సమ్మక్క అత్త. ఎండకాలం సెలవులన్నీ లత గదే పని చేసిందట. వేళ్ల మీద గోందు ఎండి తోలు తీరుగ లేస్తున్నది.

అత్త నన్ను పక్కకు కూసోవెట్టుకొని చెప్పింది. లతోళ్ల బాపు మల్లేష్ మామ మనసు ఊగులాడుతున్నదట. ఆడపిల్ల తొమ్మిది చదివింది సాలదా అని ఒకరోజు, పది పాసైతె మంచిదే అని ఇంకోరోజు. మామకు సార్‌తోటి మాట్లాడాలంటెనే భయం, బడి గేటు దాటడు. కని సార్ ఇంటికొచ్చి కూసుంటె కాదనడు. “సార్‌ను జర ఒక్కసారి రమ్మను బిడ్డా. ఆయనొచ్చి అడిగితె మీ మామ నోరు లేవది. ఎవరూ అడుగకపోతే పిల్ల గీ రాళ్ల కాడనే ఉంటది” అన్నది.

సరే అత్తా అన్న. తలకాయ గూడ ఊపిన.

లత పని ఆపకుంటనే మాట్లాడింది. ఈ మాల్ ఇరవై అయిదుకు ఇచ్చేసుడట, ఇరవయ్యారు పొద్దుగాల బడిల ఉంటదట, గిది సార్‌కు చెప్పమన్నది. మల్ల స్వాగతం తనదేనని తెలిసి అప్పుడే తయారు చేసి పెట్టుకున్నదట. కాయిదం గూడ లేదు, నోటికే ఉన్నది. చీరె మీద రాళ్లు పెట్టుకుంటనే చెప్పింది: “చిన్నా, ఏడ్సుకుంట వచ్చినా సరే, ఆలస్యంగ వచ్చినా సరే. నీ పేరు వెట్టి పిలిచేటోళ్లు ఈ గేటు లోపట ఉన్నరు.”

ఎట్లున్నదే అని అడిగింది. బాగనే ఉన్నదన్న. నేను గూడ మూడు రోజుల నుంచి చాటుకు రాస్తున్న, గసొంటి ముక్క ఒక్కటి రాలేదు నాకు.

జూన్ 13, శుక్రవారం

కాయిదం సార్‌కు ఇచ్చేసిన. లత పేరు ముంగట వతన్ గడిల టిక్కు పెట్టి, పక్కన ‘ఊరికి పోయిండ్రు’ అని గూడ రాసిన.

ఎందుకంటే రెండో గడి పెడితే సార్ పోయి కూసునేటోడు. మల్లేష్ మామకు అందరి ముంగట సిగ్గు పోయేది. గల్లీ అంత చూసేది. ఆ కోపం లత మీద తీసేటోడు. ఎట్లాగూ ఇరవయ్యారుకు వస్తనన్నది గదా, వస్తది. అప్పుడు పేరు మళ్ల ఎక్కిచ్చుకుంటరు. దానికేముంది.

మొదటి గడి గూడ ఉండె. వస్తరు అని. గా సంగతి ఇప్పుడు రాస్తుంటే యాదికొచ్చింది.

జూన్ 14, శనివారం

ఆమె మంచికే చేసిన.

జూన్ 16, సోమవారం

సార్ ఆఫీసుకు పిలిచి కాయిదం ముంగట పెట్టుకొని అడిగిండు, లతోళ్లు నిజంగనే వెళ్లిపోయారా అని. నిజమే సార్ అన్న. పదిల మంచి మార్కులు తెచ్చే పిల్ల అని బాధపడ్డడు. తర్వాత స్వాగతం నువ్వే చెప్పమ్మా అన్నడు.

బడి నుంచి ఇల్లు దాంక ఉరుకుడే ఉరుకుడు. అమ్మ శెక్కర పెట్టింది నోట్లె. బాపు అయితే కార్ఖానాల అందరికి చెప్పిండట, నా బిడ్డ మైకుల మాట్లాడుతదని. బాపు, మల్లేష్ మామ ఒక్క కార్ఖానాలనే బట్ట నేసే సాంచలు నడుపుతరు, ఒకల పక్కన ఒకలు. మామ ఏమన్నడు అని అడిగిన. మంచిదే అన్నడట. ఇంకేం అనలేదా అని మళ్ల అడిగిన. ఏమంటడే, ఏమనాలె అని బాపు నా దిక్కు వింతగ చూసిండు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని. ఊకె అడిగిన అని చెప్పి అవుతలకు పోయిన.

జూన్ 19, గురువారం

నాలుగు పేజీలు రాసి నాలుగు చింపిన. ‘జ్ఞానజ్యోతి’ ‘బంగారు భవిష్యత్తు’, ఇవి తప్ప ఏం వస్తలేవు. లత చెప్పిన ముక్కలు చెవుల తిరుగుతున్నయి. చివరికి అవే రాసుకున్న. మాటలు ఎవరి సొత్తు? ఎవరు ముందు మైకుల చెప్తె వాళ్లయి. పైగ ఆమె చెప్తలేదు గదా ఇప్పుడు.

జూన్ 23, సోమవారం

రాత్రి నుంచి ఒక్కటే వాన. ఖాడీ కాలువ పొంగి గల్లీలల్ల మోకాలు దాంక నీళ్లు. బడి బంద్.

లతోళ్ల ఇంటికి పోదామనుకున్న. పోయి సార్‌కు చెప్పలేదే, ఇప్పుడు చెప్త అని అందామనుకున్న. ఇంక మూడు రోజులున్నయి గదా. కని నీళ్లు. నీళ్లల్ల ఎట్ల పోను? అమ్మ మాత్రం ఆ నీళ్లల్లనే పోయి పాలు తెచ్చింది.

జూన్ 26, గురువారం

అయిపోయింది. అన్నీ మంచిగ అయినయి. అందరు మెచ్చుకున్నరు. వరుసగ రాస్త.

పొద్దుగాల ఏడున్నరకే గేటు కాడ పళ్లెం పట్టుకొని నిలవడ్డ. స్వాగతం నాదే, పళ్లెం గూడ నాదే అయింది, వేరే ఎవరూ సరిగ్గ పట్టుకుంటలేరని సార్ మళ్ల నాకే ఇచ్చిండు. ఒకటో తరగతికి పదిహేడు మంది. ఒకడు బొట్టు పెడుతుంటే నా వేలు కొరికిండు. ఒక పిల్ల వాళ్లమ్మ కొంగు ఇడువలేదు. ఆ పిల్లను నవ్వించి నేనే లోపటికి తీసుకపోయిన. మళ్ల గేటు కాడికి వచ్చేసరికి లత.

నిరుటి డ్రెస్సే. ఇస్త్రీ చేసుకున్నది. రెండు జడలు, తెల్ల రిబ్బన్లు. నన్ను చూసి నవ్వింది. మాల్ నిన్న రాత్రే ఇచ్చేసినమే అన్నది.

మహేశ్ భాయ్ మేం మంత్రులం రాసిచ్చిన కాయిదాలు పట్టుకొని గేటు కాడనే ఉన్నడు. పేరడిగిండు, వేలు పెట్టి చూసిండు, మళ్ల చూసిండు. నామ్ నహీ హై, వతన్ లిఖా హై అన్నడు, పేరు లేదు, వతన్ అని రాసున్నదని. మెహమాన్‌ల కారు వచ్చే టైమైంది, పక్కకు నిలవడమన్నడు. చిన్న పిల్లల తల్లులంత చూస్తున్నరు. లత మొఖం ఎర్రగ అయింది.

“కోమలీ, సార్‌కు చెప్పలేదా?” అన్నది.

“చెప్పిన” అన్న.

నా నోరు ఒక్క క్షణం ఆగలేదు. చెప్పలేదు అందామని గూడ అనుకున్న, అనుకునేలోపట అనేసింది.

లత మహేశ్ భాయ్ చేతులున్న కాయిదం దిక్కు చూసింది. తర్వాత నా దిక్కు చూసింది. “సరేలే, పళ్లెం వంగుతున్నది, మంచిగ పట్టుకో” అన్నది. రోడ్డు దాటి అవుతలి దిక్కు పోయి నిలవడ్డది. సార్ మెహమాన్‌ల ఎంబడి ఉన్నడు, ఇవేవీ చూడలేదు.

మైకుల నా పేరు పిలిచిండ్రు. మొదలు బాగనే చెప్పిన. ‘ఏడ్సుకుంట వచ్చినా సరే, ఆలస్యంగ వచ్చినా సరే’ కాడికి వచ్చేసరికి కండ్లు గేటు దిక్కు పోయినయి. అక్కడనే ఉన్నది. మైకు శబ్దం రోడ్డు దాంక పోతది. ఆ ముక్క మింగేద్దామనుకున్న గని దాని తర్వాతది ఏందో యాదికి రాక దాన్నే చెప్పిన. నీ పేరు వెట్టి పిలిచేటోళ్లు ఈ గేటు లోపట ఉన్నరు అన్న. సప్పట్లు. మెహమాన్ అమ్మ లేచి వచ్చి నా వీపు తట్టింది. నేను మళ్ల గేటు దిక్కు చూసేసరికి లత లేదు.

నమ్మింది. నేను చెప్పిన, సారే మర్చిపోయిండు అని నమ్మింది. లేకపోతే తిట్టేది గదా. లత తిట్టకుంట ఊకునే మనిషి గాదు.

జూన్ 27, శుక్రవారం

సార్ పిలిచిండు. నిన్న గేటు దగ్గర లత కనపడిందని మహేశ్ చెప్పాడు, వతన్ వెళ్లిందని రాశావు కదా అన్నడు. పోయి వచ్చిండ్రంట సార్ అన్న.

సార్ నవ్విండు. నిజంగ సంతోషంతోటి నవ్విండు. “అయితే ఇంకేం. సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి చెప్పు. వాళ్ల నాన్న వచ్చి ఒక్క సంతకం పెడితే మళ్లీ ఎక్కిస్తాను. పది నిమిషాల పని.”

పది నిమిషాల పనట.

పోతే అత్త అడుగుతది, సార్‌ను రమ్మనమంటిని, చెప్పినవా మరి అని. మామ సార్ ముంగట కూసుంటే ఊరికి ఎప్పుడు పోయిండ్రయ్యా అని సార్ అడుగుతడు. మేమెక్కడికి పోలేదు సార్ అంటడు మామ. ఆ మాటతోటి అంత బయటపడతది. ఏమని పోవాలె నేను?

జూన్ 28, శనివారం

కడుపుల నొప్పి. పోలేదు.

జూన్ 29, ఆదివారం

లతోళ్ల గల్లీ మలుపు దాంక పోయిన. పాన్ డబ్బా కాడ నిలవడి మీది అంతస్తు కిటికీ చూసిన. తెరిచే ఉన్నది. ఒకపాటి సేపు నిలవడి వాపస్ వచ్చిన.

సాయంత్రం అమ్మ కూరగాయలకు పోయి వచ్చి చెప్పింది, సమ్మక్క అత్త కలిసిందట. బడోళ్లు పేరు తీసేసిండ్రని మల్లేష్ మామ ఇగ గట్టిగనే అనుకున్నడట. బడే వద్దన్నప్పుడు పిల్ల గీ సూరత్‌ల ఎందుకు, ఊర్ల మా అవ్వ ఎల్లవ్వ ఒక్కతే ఉన్నది, ఆమె కాడ ఉంటె ఆమెకు ఆసరా, బీడీలన్న చేసుకుంటది అన్నడట. రేపే తోలిస్తుండట, ఊరోళ్లు ఎవరో పోతుంటే వాళ్ల ఎంబడి.

అమ్మ ఇంకోటి చెప్పింది. కోమలి సార్‌కు చెప్పిందమ్మా, సారే మర్చిపోయిండు, దాన్ని ఏమనకు అని లత వాళ్లమ్మతోటి అన్నదట. చూసినవా దోస్తంటే గట్లుండాలె అని అమ్మ నన్ను మెచ్చుకున్నది. దొంగకు తేలు కుట్టినట్టు కూసున్న.

రేపు పొద్దుగాల పోత. పక్కా పోత. అన్నీ చెప్పేస్త. మామ కొడితే కొట్టని. రైలు మధ్యాహ్నం దాంక లేదంటున్నరు గదా.

జూన్ 30, సోమవారం

పోయిన. రైలు పొద్దుగాలదేనట. అత్త ఒక్కతే ఉన్నది, చీరె మీద రాళ్లు పెడుతున్నది. కూసో బిడ్డా అన్నది. కూసోలేదు.

జులై 2, బుధవారం

పదో తరగతి హాజరీ కొత్త పుస్తకంల రాసిండ్రు. ముప్పై మందిమి.

జులై 5, శనివారం

అత్త కాడ ఎల్లవ్వ ఫోన్ నంబర్ తీసుకున్న. లతతోటి మాట్లాడాలె, పుస్తకాల సంగతి అని చెప్పిన. డాబా మీదికి పోయి చేసిన. నాలుగుసార్లు కొడితే ఎత్తింది.

మొదలు ఊర్ల ముచ్చట చెప్పింది. వానలు లేవట. ఎల్లవ్వకు కండ్లు సరిగ్గ కనవడవట, బీడీ ఆకు కత్తిరించుడు లతకే నేర్పుతున్నదట. స్వాగతం మంచిగ చెప్పినవే అన్నది. ఎక్కిరించినట్టు గూడ అనలేదు.

ఇగ ఆగలేకపోయిన. లతా, వతన్ అని రాసింది నేనే అన్న. సార్‌కు ఏం చెప్పలేదే అన్న. ఏడుపొచ్చింది, ఏడ్సిన.

ఫోన్ కట్ అయిందా అని చూసుకున్న. కాలేదు.

“నాకు ఎరుకే” అన్నది. “ఆ రోజు గేటు కాడనే చూసిన. నీ రాత నేను గుర్తువట్టనా, ఒకటో తరగతి నుంచి పక్కపక్కన కూసున్నం.”

మరి ఎందుకనలేదే అని అడిగిన. మీ అమ్మకెందుకు గట్ల చెప్పినవు అని అడిగిన.

“నిజం చెప్తె మా బాపు మీ బాపుతోటి కొట్లాటకు దిగుతడు. ఇద్దరు ఒక్క కాడ సాంచలు నడిపెటోళ్లు. మల్ల నువ్వే వస్తవనుకున్న. నాలుగు రోజులు చూసిన. ఆదివారం పాన్ డబ్బా కాడ నిలవడ్డవు గదా, కిటికీలకెల్లి చూసిన. మీదికి వస్తున్నదనే అనుకున్న. అమ్మకు చాయ్ గూడ పెట్టమన్న.”

ఆమెనే చెప్పింది మళ్ల. ఇంక గూడ టైమున్నదట. నేను సార్‌కు నిజం చెప్తె సార్ ఊకోడట, వాళ్ల బాపుకు సొంతంగ ఫోన్ చేస్తడట. సార్ చేస్తె బాపు కాదనడు, రైలెక్కి వచ్చి తీసుకపోతడట. ఈ నెల దాటితే పదిల ఎవరూ ఎక్కిచ్చుకోరట. చెప్తవా అని అడిగింది. చెప్త అన్న. ఒట్టు అన్నది. ఒట్టు అన్న.

నేను చేసిన పని ఎంత నీచమైందో ఇయ్యాల తెలిసింది. తెలిసినంక మనసు జర తేలికైంది గూడ. సోమవారం పొద్దుగాల ప్రార్థన కంటే ముందే చెప్పేస్త.

జులై 7, సోమవారం

సార్ రాలేదు. ఏదో మీటింగట.

జులై 8, మంగళవారం

సార్ వచ్చిండు గని ఆఫీసుల ఎవరెవరో ఉన్నరు. అందరి ముంగట ఎట్ల చెప్పను. రెండుసార్లు తలుపు దాంక పోయిన. ఏమ్మా అన్నడు. సున్నం బలపాలు కావాలె సార్ అన్న. డబ్బా చేతుల పెట్టిండు.

జులై 9, బుధవారం

ఎల్లవ్వ ఫోన్ నుంచి రెండుసార్లు వచ్చింది. ఎత్తలేదు. సార్‌కు చెప్పినంక నేనే చేస్త గదా.

రేపు గురు పూర్ణిమ. సార్‌కు బొట్టు పెట్టి దండ వేసేది మహామంత్రే. అప్పుడు ఒక్కతినే దగ్గరికి పోత, అప్పుడు చెప్పొచ్చు. గదే మంచిది.

జులై 10, గురువారం

సార్‌కు బొట్టు పెట్టిన. దండ వేసిన. కాళ్లు మొక్కిన. నా తల మీద చెయ్యి పెట్టి నువ్వు ఈ బడికి పేరు తెస్తావమ్మా అన్నడు. సార్ అన్న. చెప్పమ్మా అన్నడు. ఎనుక మైకు పట్టుకొని పిల్లలు చూస్తున్నరు.

ఏం లేదు సార్ అన్న.

తర్వాత గురువు గురించి నాలుగు మాటలు మాట్లాడుమన్నరు. కాయిదం లేకుంటనే మాట్లాడిన. పది నిమిషాలు మాట్లాడినట్టున్న. గురువు కాడ ఏ తప్పూ దాచొద్దు, దాచినోళ్లకు చదువు వంటవట్టది అన్న. బడి అంత సప్పట్లు కొట్టింది. సార్ కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు.

మధ్యాహ్నం ఎల్లవ్వ నంబర్ నుంచి మళ్ల ఫోన్ వచ్చింది. నేను క్లాసుల ఉన్న.